పైన గడ్డకడుతోంది, కింద చల్లబడటం లేదు: ఈ చిక్కు విప్పిన అబ్బాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. మార్కులు మధ్యస్థం. మా ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఉంది. పైన ఫ్రీజర్‌లో ఐసు బాగానే గడ్డకడుతుంటే, కింద పెట్టిన పాలు విరిగిపోసాగాయి. చూడటానికి వచ్చిన మెకానిక్ గ్యాస్ పోయిందని, నింపాలని అన్నాడు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. వీడియోలు చూసి, ఫ్రీజర్ లోపలి వెనుక పలక విప్పి, బజారు నుంచి ఏదో చిన్న భాగం తెచ్చి మార్చాడు. ఫ్రిజ్ బాగయింది. ఇప్పుడు ఇంటర్ వద్దు, ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ కోర్సు చేస్తానంటున్నాడు. ఫ్రిజ్ మెకానిక్ అవుతాడా అని బంధువులు నవ్వుతున్నారు. ఒక్క రిపేరు చూసి అతని మాట నమ్మవచ్చా?

జవాబు: రిపేరు ఒక్కటే అయినా, అది ఏ రిపేరు అన్నది ముఖ్యం. మీ అబ్బాయి విప్పిన చిక్కు దగ్గర అనుభవం ఉన్నవాళ్లు కూడా తరచుగా తడబడతారు. అందుకే మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ముందు ఆ ఫ్రిజ్ లోపల ఏం జరిగిందో చెప్పాలి. అది అర్థమైతే మీ అబ్బాయికి ఏం వచ్చో, ఏం రాదో మీకే తెలుస్తుంది.

ఫ్రీజర్ పైన ఉండే రెండు తలుపుల ఫ్రిజ్‌లో చాలావరకు చల్లదనం పుట్టే చోటు ఒక్కటే. ఫ్రీజర్ వెనుక పలక చాటున అల్యూమినియం రేకులతో, గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట ఒకటి, అంటే కాయిల్ ఉంటుంది. పక్కనే చిన్న ఫ్యాను. కాయిల్ దగ్గర చల్లబడిన గాలిని ఆ ఫ్యాను ఫ్రీజర్‌లోకి తోస్తుంది. అందులో కొంత గాలి ఒక సన్నటి దారి గుండా కింది అరలోకి దిగుతుంది. అంటే కింది అరకు సొంత చల్లదనం లేదు, పైనుంచి వచ్చేదే దిక్కు. పైన సుమారు మైనస్ 18 డిగ్రీలు, కింద 2 నుంచి 5 డిగ్రీలు ఉండేలా ఆ గాలిని పంచుతారు.

తలుపు తీసినప్పుడల్లా లోపలికి వెళ్లే తేమ ఆ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో అయితే మనమే బటన్ నొక్కి ఐసు కరిగిస్తాం. దీనిలో ఆ పని యంత్రమే చేసుకుంటుంది. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక టైమర్ దాన్ని ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్‌ను కాసేపు వెలిగిస్తుంది. మంచు కరిగి నీరు ఒక గొట్టం గుండా కంప్రెసర్ పైనున్న పళ్లెంలో పడుతుంది. కంప్రెసర్ వేడికి అక్కడే ఆవిరైపోతుంది. కాయిల్ తగినంత వేడెక్కగానే హీటర్‌కు కరెంటు ఆపడానికి బైమెటల్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. అదీ విఫలమై వేడి హద్దు దాటితే తెగిపోవడానికి ఒక ఫ్యూజు. ఈమధ్య వచ్చిన మోడళ్లలో టైమరుకు, బైమెటల్‌కు బదులు సెన్సారు, సర్క్యూట్ బోర్డు ఉంటున్నాయి.

ఈ వరుసలో ఏ ఒక్కటి చెడినా మంచు కరగదు. రోజురోజుకూ పేరుకుని రేకుల మధ్య గాలి దారి మూసుకుపోతుంది. ఫ్రీజర్ కాయిల్ పక్కనే ఉంది కాబట్టి కొన్నాళ్లు గడ్డకడుతూనే ఉంటుంది. ముందు దెబ్బతినేది కింది అర. మీ పాలు విరిగింది అందుకే. అదే గ్యాస్ కారిపోతే ఫ్రీజర్ కూడా నీరసిస్తుంది. కాయిల్ మొదట్లో మాత్రం కాస్త మంచు కట్టి, మిగతాదంతా పొడిగా కనిపిస్తుంది. పైన రాయిలా గడ్డకడుతుంటే గ్యాస్ పోయిందనడం సరైన నిర్ధారణ కాదు. ఫ్యాను ఆగిపోయినా, గాలి దారిలోని మూత బిగుసుకుపోయినా కింద ఇలాగే వేడెక్కుతుంది. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలంటే పలక విప్పి చూడాల్సిందే.

మీ అబ్బాయి తెచ్చింది బహుశా బైమెటల్ లేదా ఫ్యూజు అయి ఉంటుంది. అతన్ని ఒక ప్రశ్న అడగండి: ఆ భాగం చెడిందని ఎలా తేల్చావు? బైమెటల్‌ను గది వేడిలో మీటరు పెట్టి చూస్తే తెగిపోయినట్టే చూపిస్తుంది. బాగున్నది కూడా అంతే, ఎందుకంటే వేడిగా ఉన్నప్పుడు తెరుచుకుని ఉండటమే దాని పని. ఐసులో బాగా చల్లబరిచి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఈ మాట అతను తనంతట చెబితే అతనిలో నిజమైన ఆసక్తి ఉన్నట్టే. మార్చాను, పనిచేసింది అని మాత్రమే అంటే కంగారు లేదు, నేర్చుకునే వయసే. కానీ ఊహించి భాగాలు మార్చడం ఈ వృత్తిలో చాలామందికి అలవాటైపోయిన జబ్బు. జ్వరం ఏదైనా ఒకటే మాత్ర ఇచ్చినట్టు, ఫిర్యాదు ఏదైనా గ్యాస్ నింపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీ అబ్బాయి ఆ మాటను ఎదిరించి కారణం వెతికాడు. నాకు నచ్చింది అదే.

ఇక మందలించాల్సిన సంగతి. ఆ హీటర్ 230 వోల్టుల మీద నడుస్తుంది. విప్పేముందు ప్లగ్గు తీశాడా? కాయిల్ మీది ఐసును చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో పొడిచాడా? అల్యూమినియం గొట్టానికి చిన్న గాటు పడితే చాలు, అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది. ఐసును తలుపులు తెరిచి ఉంచి కరగనివ్వాలి, తొందరైతే గోరువెచ్చని నీళ్లు వాడాలి. అంతకుమించి ఏ ఆయుధమూ పనికిరాదు.

ఇంట్లో చేయదగిన రిపేర్లు కొన్ని ఉన్నాయి. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలిస్తే నీరు దిగే రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, శుభ్రం చేస్తే సరిపోతుంది. తలుపు రబ్బరు వదులైందేమో చూడటానికి తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాలి, సులువుగా జారి వస్తే రబ్బరు పని అయిపోయినట్టే. ఫ్రిజ్ పక్క గోడలు వేడిగా ఉంటే భయపడనక్కరలేదు. వేడిని బయటికి వదిలే గొట్టాలు చాలా మోడళ్లలో ఆ రేకు లోపలే ఉంటాయి. కొన్ని నిమిషాలకోసారి టక్కుమని శబ్దం వచ్చి కంప్రెసర్ ఆగిపోతుంటే దాని పక్కన ఉండి దాన్ని స్టార్ట్ చేసే రిలేనో, వేడెక్కితే కరెంటు తెంచే ఓవర్‌లోడ్ బిళ్లనో, కరెంటు వోల్టేజీనో అనుమానించాలి. కంప్రెసర్ కాలిపోయిందని అప్పుడే తీర్మానించకూడదు. మామూలు కంప్రెసర్‌కు మూడు పిన్నులుంటాయి. రెండేసి పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలిచినప్పుడు, పెద్ద విలువ మిగతా రెండింటి మొత్తానికి సమానంగా రావాలి. ఇది పదో తరగతి ఫిజిక్స్‌లో చదివిన శ్రేణి సంధానమే. ఈ లెక్క మీ అబ్బాయికి చెప్పి చూడండి, కళ్లు మెరుస్తాయో లేదో మీకే తెలుస్తుంది. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లవద్దనండి. వాటికి నేరుగా కరెంటు ఇస్తే పాడవుతాయి.

గ్యాస్ తిరిగే గొట్టాలను తెరవడం మాత్రం వీడియోలు చూసి నేర్చుకునే పని కాదు. పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని దశలవారీగా తొలగించారు. తర్వాత ఆర్-134ఏ వచ్చింది. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే వాయువు, గాలికన్నా బరువైనది, నేలబారున పేరుకుంటుంది. తలుపులు మూసిన గదిలో దాన్ని వదిలి, పక్కనే గొట్టం అతకడానికి మంట వెలిగిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైగా ఇంటి ఫ్రిజ్‌లో అది పట్టేది చాలావరకు వంద గ్రాముల లోపే. పది గ్రాముల తేడా వచ్చినా ఫ్రిజ్ సరిగ్గా నడవదు. పీడనం చూపే గేజీ ముల్లు చూసి ఉజ్జాయింపుగా నింపే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు, త్రాసు మీద తూచి నింపాలి. ఈ గ్యాస్‌తో నడిచే వ్యవస్థలో కంప్రెసర్ లాగే వైపు పీడనం సాధారణంగా బయటి గాలికన్నా తక్కువ. అటు వైపు రంధ్రం పడితే గ్యాస్ బయటికి పోయే బదులు గాలి, తేమ లోపలికి వస్తాయి. ఆ తేమ సన్నటి క్యాపిలరీ గొట్టం చివర గడ్డకట్టి దారి మూసేస్తుంది. అందుకే గొట్టం తెరిచిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాలి, నైట్రోజన్‌తో లీకు పరీక్షించాలి, వాక్యూమ్ పంపుతో తేమంతా లాగేయాలి. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ వాడితే కంప్రెసర్ నూనెతో కలిసి పేలుతుంది. ఇవన్నీ గురువు పక్కన నిలబడి నేర్చుకోవలసినవి.

కాబట్టి మీ అబ్బాయి నేర్చుకోవాలనుకుంటున్న చోటు సరైనదే. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ అనే ట్రేడ్ ఉంది. రెండేళ్లు. గణితం, సైన్సుతో పదో తరగతి పాసైతే చాలు. పూర్తయ్యాక జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. తర్వాత ఏదైనా కంపెనీలో అప్రెంటిస్‌గా చేరడం తప్పనిసరి అని నేను చెబుతాను, నిబంధన కాకపోయినా సరే. ఐటీఐలో నేర్పేది పాఠమైతే చేయి తిరిగేది అక్కడే.

ఇంటర్ పోతుందేమోనన్న బెంగ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. దారులు మూసుకుపోవు. ఐటీఐ పూర్తిచేసినవారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ద్వారా ఇంటర్‌కు సమానమైన అర్హత పొందే ఏర్పాటు ఉంది. బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్ష దాటితే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. ఈ దారి పొడుగైనదే, కానీ నడిచినవాళ్లున్నారు. ఎంపీసీలో చేరి, ఇష్టంలేని చదువుతో రెండేళ్లు కుస్తీపట్టి, తర్వాత ఇటు తిరగడం కన్నా ఇది నయమని నా అభిప్రాయం. అతనికి గణితంలో ఇప్పటికే మంచి పట్టు ఉండి, చదవడం కూడా ఇష్టమే అయితే మాత్రం పదో తరగతి తర్వాత నేరుగా పాలిటెక్నిక్ మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ గురించి ఆలోచించండి. మధ్యస్థం అన్నారే గానీ ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో రాయలేదు, అది చూసుకుని మీరే తేల్చుకోవాలి.

బంధువులకు ఈ పని అంటే ఇళ్లకు తిరిగి ఫ్రిజ్‌లు విప్పడమే అనిపిస్తుంది. మీ ఊరికి దగ్గరే గుంటూరు ఉంది. అక్కడ మిర్చి నిల్వచేసే శీతల గిడ్డంగుల్లో అమ్మోనియాతో నడిచే పెద్ద యంత్రాలు చూడమనండి. భీమవరం వైపు రొయ్యల శుద్ధి కర్మాగారాలు, హైదరాబాద్‌లో టీకాల తయారీ సంస్థల శీతల గదులు, శ్రీసిటీలో ఏసీల కర్మాగారాలు, అన్నింటికీ మూలం మీ ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న సూత్రమే. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు అర్హత ఉన్న ఐటీఐ ట్రేడుల జాబితాలో ఇదీ ఉంది. గల్ఫ్ దేశాల్లో ఈ పనివాళ్లకు ఉన్న గిరాకీ మన దగ్గర చాలా కుటుంబాలకు తెలిసినదే. అయితే ఒక సంగతి దాచకూడదు. మొదటి రెండు మూడేళ్లు సహాయకుడిగా తక్కువ జీతమే వస్తుంది. వేసవిలో ఊపిరాడనంత పని, వానల్లో ఖాళీ. మెట్ల మీదుగా బరువులు మోయాలి, మేడల అంచున నిలబడి ఏసీలు బిగించాలి. ఇవి విన్న తర్వాత కూడా అతను ఇదే అంటే ఆపకండి.

చేరేముందు ఒక పని చేయండి. ఐటీఐ పేరు, ఫీజు చూసి ఊరుకోకుండా అబ్బాయిని వెంటబెట్టుకుని ల్యాబు చూడటానికి వెళ్లండి. ప్రభుత్వ ఐటీఐ అయినా, ప్రైవేటుదైనా సరే. విద్యార్థులు విప్పి బిగించే ఫ్రిజ్‌లు ఎన్ని ఉన్నాయి, ఆర్-600ఏతో నేర్పుతున్నారా, తూచే త్రాసు ఉందా, ఇన్వర్టర్ బోర్డులు చూపిస్తారా అని ఈ ప్రశ్నలన్నీ అబ్బాయితోనే అడిగించండి. వాక్యూమ్ పంపు మీద అట్టపెట్టె మూత కూడా తీయకుండా మూలన పెట్టి ఉంటే, ఎంత దగ్గరైనా ఆ ఐటీఐ వద్దు. పొరుగు ఊరిలోనిది చూడండి, బస్సు పాసు ఖర్చే కదా.