గురువు కూడా గజ్జె కట్టిన సభ

నాట్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విద్యాసంవత్సరం చివరికి వచ్చిందంటే ఈ శీర్షికకు చేరే ఉత్తరాలలో రంగప్రవేశాల ఊసు తగ్గి, విశ్వవిద్యాలయ నృత్యశాఖల ప్రదర్శనల ప్రసక్తి పెరుగుతుంది. ఈసారి వచ్చినవాటిలో ఐదింటికి జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లనూ, వారు ప్రస్తావించిన సంస్థల పేర్లనూ ప్రకటించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో కూచిపూడి ఎం.పి.ఏ. (ప్రదర్శన కళల పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నది. శాఖ వార్షిక ప్రదర్శనకు బంధువులందరినీ వెంటబెట్టుకొని వెళ్ళాము. రెండు గంటల కార్యక్రమంలో ముప్పాతిక వంతు అధ్యాపకులే నర్తించారు. మా అమ్మాయి చివరి తిల్లానాలో వెనుక వరుసలో కనిపించింది. పిల్లల కోసం పెట్టిన వేదిక మీద గురువులు గజ్జె కట్టడం సబబేనా? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, మీ బాధలో న్యాయం ఉన్నది, కాని దానికి మీరు చూపిన కారణంతో నేను ఏకీభవించలేను. గురువు గజ్జె కట్టడం తప్పు కాదు. ఏ అంశానికి కట్టారు, ఎవరి పక్కన నిలబడ్డారు అన్నదే అసలు ప్రశ్న.

కూచిపూడి మేళాల (ఊరూరా తిరిగి ఆడే బృందాల) కాలంలో పాఠం ఒకచోట, ప్రదర్శన మరొకచోట అన్న విభజన లేదు. మేళంతో తిరిగే పిల్లవాడు తెర పట్టుకొని, చిన్న వేషాలు కట్టి, పెద్దల అభినయాన్ని తెల్లవార్లూ మూరెడు దూరం నుంచి చూస్తూ నేర్చుకొనేవాడు. సత్యభామ కథను ఆడే భామాకలాపాన్నే తీసుకోండి. అందులో వంకర కర్ర చేతబట్టి కథ నడిపించే సూత్రధారుడే మాధవిగా మారి సత్యభామ ఎదుట నిలుస్తాడు. భర్త పేరు చెప్పమని ఆమెను గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఆమె సిగ్గుపడి, పేరు నోట రాక, సైగలతోనూ గుర్తులతోనూ తప్పించుకుంటుంది. మేళంలో అందరికంటె అనుభవజ్ఞుడు ఆ పాత్రలో ఉండేది ఊరికే కాదు: భామ వేషం కట్టిన కుర్రవాడు ఎక్కడ తడబడినా, మాధవి అప్పటికప్పుడు ఒక మాట అందించి, మరొక ప్రశ్న వేసి అతణ్ణి మళ్ళీ దారిలో పెట్టగలడు. గురువు వేదిక మీద ఉండి కూడా శిష్యుడి అభినయాన్నే వెలిగించే ఏర్పాటు ఇంతకంటె చక్కనిది నేనెరుగను.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతి మారింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఏకపాత్ర నృత్యానికి ప్రాధాన్యం తెచ్చారు, స్త్రీలకు నేర్పారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యంగారి నృత్యనాటికలలో ప్రధాన పాత్రలు శిష్యులవి, నట్టువాంగం (తాళాలు మోగిస్తూ లయాక్షరాలు పలికి నృత్యాన్ని నడిపించడం) గురువుది అన్న అమరిక స్థిరపడింది. ఆ తరువాత నాట్యం పట్టా చదువు అయింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మొదలైన సరోజినీ నాయుడు స్కూల్ వంటివి కూచిపూడిని తరగతి గదిలోకి తెచ్చాయి. ఇక్కడే చిక్కు వచ్చింది. మేళంలో గురువు నాయకుడు మాత్రమే, విశ్వవిద్యాలయంలో ఆయనే పరీక్షకుడు కూడా. మార్కులు వేసే చేయి, ఎవరికి ఏ పాత్ర అన్నది నిర్ణయించే చేయి ఒక్కటైనప్పుడు, మంచి అంశాలన్నీ గురువులే తీసుకొంటే శిష్యులు నోరు మెదపలేరు.

అధ్యాపకులకు ఏడాదికి ఒక సాయంత్రం విడిగా ఉండాలన్నది నా అభిప్రాయం. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి వేదికకు దూరమైన నర్తకి బోధనలో ఒక రకమైన ఎండుదనం వస్తుంది. తాను నిన్న సాయంత్రం పదం (అభినయ ప్రధానమైన పాట) పట్టిన గురువు ఈరోజు తరగతిలో చెప్పే మాట వేరు. ఆ సాయంత్రం విద్యార్థులు టికెట్టు లేకుండా ముందు వరుసలో కూర్చొని చూడాలి. విద్యార్థుల ప్రదర్శన మరొక రోజు జరగాలి, అందులో అధ్యాపకులు నట్టువాంగానికో మాధవి పాత్రకో పరిమితం కావాలి. మీరు చూసిన కార్యక్రమం ఈ రెండింటినీ కలిపి వండిన పులగంలా ఉన్నది.

మీ అమ్మాయికి పరీక్షలో భాగంగా ఏకపాత్ర ప్రదర్శన ఉన్నదేమో, అది ప్రేక్షకుల ఎదుట జరుగుతుందో లేదో ముందుగా కనుక్కోండి. చాలాచోట్ల ఉంటుంది. బంధువులను తీసుకువెళ్ళవలసినది దానికి. ఇక శాఖాధ్యక్షులతో మాట్లాడదలచుకొంటే, ప్రదర్శన ముగిసిన రాత్రి గ్రీన్‌రూము గుమ్మంలో మాత్రం మాట్లాడవద్దు.

ప్రశ్న: ప్రాక్టికల్ పరీక్షలో ప్రదర్శన ఇచ్చినప్పుడు పరీక్షకులు దేనికి మార్కులు వేస్తారో మాకు స్పష్టంగా తెలియదు. బాగా చేశామనుకున్నవారికి తక్కువ, తప్పు చేసినవారికి ఎక్కువ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. (ఒక విద్యార్థి, హనుమకొండ)

జవాబు: మార్కుల విభజన ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో తీరుగా ఉంటుంది కనుక అంకెలు చెప్పను. కొన్నిచోట్ల బయటి పరీక్షకుడిగా కూర్చున్న అనుభవంతో, మేము చూసేది ఏమిటో చెప్పగలను.

పాత్రకు, అంటే నర్తకికి, పది ప్రాణాలు ఉంటాయని ప్రాచీన నాట్యగ్రంథమైన అభినయదర్పణం పాఠంలో మీరు కంఠస్థం చేసే ఉంటారు: జవము, స్థిరత్వము, రేఖ, భ్రమరి, దృష్టి, అశ్రమము, మేధ, శ్రద్ధ, వచస్సు, గీతము. దీన్ని వైవాలో (మౌఖిక పరీక్షలో) అప్పజెప్పి మరచిపోయేవారే ఎక్కువ. నిజానికి పరీక్షకుడి చేతిలోని కాగితానికి ఇంతకంటె మంచి నమూనా లేదు. ఉదాహరణకు తరంగం తీసుకోండి. పళ్ళెం అంచు మీద పాదాలు మోపి, కొందరు తల మీద నీళ్ళ చెంబు కూడా పెట్టుకొని, మృదంగంతో పోటీగా జతులు (లయబద్ధమైన అడుగుల వరుసలు) వేస్తుంటే సభ చప్పట్లు కొడుతుంది. ఆ సమయంలో పరీక్షకుడు పళ్ళెం వైపు చూడడు, ముఖం వైపు చూస్తాడు. నడుము పైభాగం నిశ్చలంగా ఉన్నదా, దవడ బిగుసుకున్నదా, ఊపిరి బయటికి కనిపిస్తున్నదా అని గమనిస్తాడు. అశ్రమము అంటే అదే. శ్రమ ఉండకూడదని కాదు, అది చూసేవారి దాకా రాకూడదు.

తప్పు చేసినవారికి ఎక్కువ మార్కులు వచ్చాయన్నారు. ఒక జతిలో అడుగు తప్పి, తరువాతి ఆవర్తనం సమానికి (తాళం మొదలయ్యే చోటికి) చక్కగా వచ్చి కలిసిన విద్యార్థికి నేను మార్కులు తగ్గించను, మేధ ఉన్నదని కలుపుతాను. తప్పు చేసిన మరుక్షణం నట్టువాంగం చేస్తున్న గురువు వైపు బెదురుచూపు చూసినవారికి మాత్రం తప్పక తగ్గిస్తాను. ఆ చూపు సభంతటికీ తెలిసిపోతుంది.

వచస్సు, గీతము అన్న రెండింటినీ తేలికగా తీసుకోకండి. కూచిపూడిలో వాచికానికి, అంటే నర్తకి స్వయంగా పలికే మాటకు, ప్రత్యేక స్థానం ఉన్నది. ప్రవేశ దరువులో (పాత్ర రంగం మీదికి వచ్చే పాటలో) పెదవులు మాత్రమే కదిలించి మాట మింగేసేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. మీరు అభినయించే పదానికి అర్థం అడిగితే చెప్పలేని స్థితిలో వేదిక ఎక్కకండి. వైవాలో సగం ప్రశ్నలు దాని చుట్టే తిరుగుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో నృత్యం ప్రధానాంశంగా చేరాడు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నాడు. అక్కడి ‘ఫ్యాకల్టీ కాన్సర్ట్’ అన్న కార్యక్రమానికి వెళ్తే అధ్యాపకులు ఒక్కరూ నర్తించలేదు, అందరూ విద్యార్థులే. పేరుకూ పనికీ పొంతన లేదేమిటి? (ఒక తండ్రి, న్యూజెర్సీ)

జవాబు: మన దగ్గర ఒక పదవర్ణాన్ని (నృత్తమూ అభినయమూ కలిసిన పెద్ద అంశాన్ని) ఎవరు కూర్చినా, వేదిక మీద పేరు నర్తించినవారిదే ముందు వినిపిస్తుంది. అక్కడి ఆధునిక నృత్యంలో రచన ఎవరిది అన్నదే ముందు. అధ్యాపకులు కూర్చిన నృత్యాలను విద్యార్థులు ప్రదర్శిస్తే అది అధ్యాపకుల కార్యక్రమం, విద్యార్థులు స్వయంగా కూర్చినవాటిని ప్రదర్శిస్తే అది విద్యార్థుల కార్యక్రమం. రెండింటిలోనూ ఎక్కువగా చెమటోడ్చేది పిల్లలే. పాత్రల ఎంపిక ఆడిషన్ ద్వారా జరుగుతుంది. అధ్యాపకులు తామే నర్తించే సందర్భాలూ ఉంటాయి కాని, ఆ పేరుకు అది తప్పనిసరి కాదు.

దీనికి మూలం ఆ చదువు పుట్టిన తీరులో ఉన్నది. 1926లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో నృత్యం ప్రధానాంశంగా పట్టా చదువును తొలిసారి నెలకొల్పిన మార్గరెట్ హడబ్లర్ వృత్తిరీత్యా నర్తకి కారు, వ్యాయామ విద్య శాఖలో అధ్యాపకురాలు. తన అడుగును అనుకరించమని ఆమె విద్యార్థినులకు చెప్పలేదు, ఎవరి శరీరపు కదలికను వారే అర్థం చేసుకొని కొత్తది కూర్చుకోవాలన్నారు. గురువు చేసి చూపగా శిష్యుడు పట్టుకొనే మన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు దారి. మీ అబ్బాయికి మొదటి ఏడాది ఇబ్బంది ఇక్కడే వస్తుంది. అడుగులు శుద్ధంగా వేసే పిల్లలకు ‘నువ్వే ఏదైనా కూర్చు’ అంటే కాళ్ళు ఆడవు.

అక్కడి పద్ధతిలో నాకు అసూయ కలిగించే ఏర్పాటు ఒకటి ఉన్నది. కళాశాలల నృత్యశాఖలు కలిసే అమెరికన్ కాలేజ్ డాన్స్ అసోసియేషన్ ప్రాంతీయ సమావేశాలలో అధ్యాపకుల రచనలనూ విద్యార్థుల రచనలనూ ఒకే వేదిక మీద న్యాయనిర్ణేతలు చూస్తారు. కూర్చినది ఎవరో, ఏ సంస్థ నుంచి వచ్చినదో వారికి చెప్పరు. ఆ తరువాత తమ అభిప్రాయాలను అందరి ఎదుట చెబుతారు. ప్రొఫెసరుగారి రచనకు మొట్టికాయ పడి, మూడో సంవత్సరం కుర్రవాడి రచనకు ప్రశంస దక్కే అవకాశం అక్కడ ఉన్నది. మన విశ్వవిద్యాలయాలలో దీన్ని ఊహించడానికే కొంత ధైర్యం కావాలి.

కూచిపూడినే పట్టా స్థాయిలో చదవాలని మీ అబ్బాయికి ఎప్పుడైనా అనిపిస్తే, కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది. కాని చేరిన చోటే రెండేళ్ళు నిలబడనివ్వమని నా సలహా.

ప్రశ్న: శాఖ ప్రదర్శనలకు రికార్డు చేసిన సంగీతం వాడడం మంచిదేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: పాట, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు అన్నీ కూడాలంటే ఖర్చు ఎంతో నాకు తెలుసు కనుక, మొదటి సంవత్సరం పిల్లల బృంద నృత్యాలకు రికార్డు వాడితే తప్పుపట్టను. పట్టా కోసం ఇచ్చే ఏకపాత్ర ప్రదర్శనకు మాత్రం ప్రత్యక్ష వాద్యమే ఉండాలి. రికార్డు ఒకసారి మొదలైతే నర్తకి కోసం ఆగదు. సంచారి భావంలో (ఒకే పాదాన్ని రకరకాలుగా అభినయించేటప్పుడు) ఒక చూపును ఇంకొంచెం నిలపాలనిపించినా నిలపనివ్వదు. పైగా, నట్టువాంగం విద్యార్థికి పాఠ్యాంశంగా చెప్పి, దాన్ని వేదిక మీద చేసే అవకాశం ఇవ్వకపోవడం ఈత పాఠాన్ని నల్లబల్ల మీద చెప్పినట్లే. ఒకరు నర్తిస్తే సహాధ్యాయి తాళాలు పట్టాలి, మరునాడు వారు తారుమారు కావాలి. ఒక కళాకారుడి పారితోషికమైనా మిగులుతుంది.

ప్రశ్న: నేను అబ్బాయిని. శాఖ ప్రదర్శనలో నన్ను సత్యభామగా ఎంపిక చేశారు. మా సారే మాధవి. ఆయన ఎదుట నిలబడి, ఆయనతోనే వాదులాడుతూ సంభాషణ చెప్పాలంటే రిహార్సల్‌లోనే గొంతు పెగలడం లేదు. స్నేహితుల వెక్కిరింతలు వేరే. (ఒక విద్యార్థి, గుడివాడ)

జవాబు: నాయనా, ముందు వెక్కిరింతల సంగతి. స్త్రీ వేషంతోనే జగమెరిగిన కళాకారుడైన వేదాంతం సత్యనారాయణ శర్మగారిని సత్యభామగా చూసిన ఆడవాళ్ళే ఆ నడకను నేర్చుకోవాలనుకున్నారని పెద్దలు చెప్పుకొనేవారు. ఆయన ప్రదర్శన వీడియోలు దొరుకుతాయి. మీ స్నేహితులకు ఒకటి చూపించు, తరువాత వారేమంటారో విను.

ఇక మీ సారు విషయం. ఆయన మాధవిగా దిగారంటే నీకు దక్కిన అదృష్టం ఎలాంటిదో పైన విజయవాడ తల్లికి రాసిన జవాబు చదివితే తెలుస్తుంది. ఆయన నీ పరీక్షకుడన్న సంగతిని రిహార్సల్ గది బయట వదిలిపెట్టు. భామకు మాధవి చెలికత్తె, ఆమె మీద భామకు చనువుంది, కోపం ఉంది, అవసరమూ ఉంది. సంభాషణను ఇంట్లో ఒంటరిగా బిగ్గరగా, గజ్జె లేకుండా, కూర్చొని పదిసార్లు చెప్పుకో. గొంతు కుదిరాక అడుగు కలుపు. ఒక రిహార్సల్‌లోనైనా ఆయనను పాఠంలో లేని ప్రశ్న ఒకటి వేయమని అడుగు, దానికి నువ్వు భామగానే జవాబు చెప్పడానికి ప్రయత్నించు. అది ఒక్కసారి కుదిరితే బెరుకు సగం పోతుంది.

ప్రవేశంలో తెర మీదుగా జడ వేసే ఘట్టం ఉంచారో లేదో రాయలేదు. ఉంచితే, ఆ జడ బరువుతో కనీసం వారం రోజులు ముందుగా సాధన చెయ్యి. చివరి రోజున కట్టుకుంటే మెడ ఒకవైపు లాగి రేఖ (నిలబడే తీరు) చెడుతుంది. తెర పట్టుకొనే ఇద్దరు కుర్రవాళ్ళతోనూ ఎత్తు ఎంత ఉండాలో ముందే మాట్లాడుకో.