ఉప్పునీటి తొట్టిలో ఎవరు ముందు, ఎవరు చివర

ప్రశ్న: మా ఇంట్లో చాలా ఏళ్లుగా గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాం. ఇప్పుడు సముద్రపు చేపలు పెట్టాలని మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి కొన్నాం. రెండు క్లౌన్‌ఫిష్, ఒక బ్లూ టాంగ్, రెండు డామినో డామ్సెల్స్, ఒక మాండరిన్, ఒక చిన్న లయన్‌ఫిష్, క్లౌన్‌ఫిష్ కూర్చోడానికి ఒక ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) అనుకున్నాం. అన్నీ కలిసే ఉంటాయని షాపులో చెప్పారు. నిజమేనా?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: ఉంటాయమ్మా, షాపులో. అక్కడ ఒక్కో చేపకి ఒక్కో అర, మధ్యలో అద్దం. మీ తొట్టిలో ఆ అద్దం ఉండదు కదా.

ముందు చోటు లెక్క చూద్దాం. మీ తొట్టి అంచుదాకా నింపితే సుమారు 190 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను 150 మిగిలితే గొప్ప. అందులో ఐదు చిన్న చేపలకి మించి వద్దు. ఆరోదాని గురించి నన్ను అడక్కండి.

ఇక మీ జాబితా. బ్లూ టాంగ్ షాపులో రెండంగుళాలే కనిపిస్తుంది, ఎదిగితే అడుగు. రోజంతా ఈదుతూనే ఉండే చేప, దానికి ఆరడుగుల తొట్టి కావాలి. ఇరుకులో పెడితే బెంగటిల్లి ఒంటినిండా తెల్లమచ్చలు తెచ్చుకుంటుంది, పక్కవాటికీ అంటిస్తుంది. లయన్‌ఫిష్ ఎవరితోనూ దెబ్బలాడదు పాపం, నోట్లో పట్టినవాటిని మింగేస్తుంది, అంతే. దాని వీపు ముళ్లలో విషం ఉంటుంది. పిల్లలు తొట్టిలో చెయ్యి పెట్టే ఇంట్లో దాని ఊసే వద్దు. మాండరిన్ అందానికి నేనూ దాసోహమే. కానీ అది రాళ్ల మీద పాకే కంటికానని పురుగుల్ని రోజంతా ఏరుకు తింటుంది, మనం వేసే మేత చాలావరకు ముట్టదు. కొత్త తొట్టిలో ఆ పురుగులు ఉండవు. వారాల తరబడి చిక్కి చిక్కి పోతుంది. ఎనిమోన్‌కి బలమైన లైటు, నెలల తరబడి నిలకడగా ఉన్న నీళ్లు కావాలి. అది లేకపోయినా క్లౌన్‌ఫిష్‌కి లోటేమీ లేదు.

డామినో డామ్సెల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. "గట్టి చేప, ముందు ఇది వేసి తొట్టి సిద్ధం చేసుకోండి" అని అంటగడతారు. గట్టిదే, అందులో అబద్ధం లేదు. నల్ల ఒంటి మీద తెల్ల చుక్కలతో ముద్దుగానూ ఉంటుంది. కానీ మొదట దిగిన డామినో ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు తొట్టి మొత్తాన్నీ తనదనుకుంటుంది. తర్వాత వచ్చిన ప్రతి చేప తోకనీ కొరుకుతుంది. పెరిగేకొద్దీ రౌడీతనం ముదురుతుందే గానీ తగ్గదు. తీసేద్దామంటే రాళ్లన్నీ బయటికి తీస్తే గానీ చిక్కదు.

తొట్టిని సిద్ధం చేయడానికి చేప అక్కర్లేదు. ఉప్పునీళ్లు, రాళ్లు అమర్చి, పంపు తిప్పి, ఒక పచ్చి రొయ్య పడెయ్యండి. అది కుళ్లితే అమ్మోనియా వస్తుంది, చేపలకి అది విషం. దాన్ని తినే బ్యాక్టీరియా రాళ్ల మీద పెరిగి ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాస్త వాసనొస్తుంది, ఓర్చుకోండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల షాపుకి బయల్దేరండి.

తొట్టిలో గొడవలన్నీ చోటు కోసమే. అందుకని ఒక్కోటి ఒక్కో అంతస్తులో ఉండే చేపల్ని ఎంచుకోవాలి, మెతకవాటిని ముందు, గడుసువాటిని చివర దించాలి. నన్నడిగితే మొదట ఒక ఫైర్‌ఫిష్, ఒక వాచ్‌మన్ గోబీ. ఫైర్‌ఫిష్ రాయి పక్కన గాల్లో నిలబడ్డట్టు నిలబడి, వీపు మీది పొడుగాటి రెక్కను టక్ టక్ మని పైకీ కిందికీ ఆడిస్తుంటుంది. బెదిరిందంటే చటుక్కున కన్నంలోకి. లేదా తొట్టి బయటికి! పైన జాలీ మూత లేకుండా దాన్ని ఇంటికి తేకండి. గోబీ ఇసుక దాటి పైకి రాదు, దానికీ దీనికీ పేచీ లేదు. మూడు నాలుగు వారాలయ్యాక క్లౌన్‌ఫిష్ జంట. మరో నెల ఆగి, నీలం రంగు మీద అంత మనసుంటే, పసుపు తోక ఉన్న నీలి డామ్సెల్ ఒక్కటి. ఆ కుటుంబంలో కాస్త మర్యాదస్తురాలు అదే. దాన్ని వదిలే రోజున రాళ్లు కొద్దిగా అటూ ఇటూ జరపండి. పాతవాటి హద్దులు చెరిగిపోయి, అన్నీ కొత్తగా చోటు వెతుక్కునే పనిలో పడతాయి.

కొనేటప్పుడు సిగ్గుపడకుండా "కాస్త మేత వెయ్యండి" అని అడగండి. చేప ఎగబడి తింటేనే తీసుకోండి. ఎదురుగా నిలబడి చూడండి: కళ్ల వెనక కండ లోపలికి పోయి, పొట్ట లోతుకుపోయి ఉంటే ఎంత బేరమిచ్చినా వద్దు.

చేపల ఖర్చు కంటే ముందు చల్లదనం ఖర్చు చూసుకోండి. వీటికి 25, 26 డిగ్రీలు కావాలి. బెజవాడ మే నెల సంగతి మీకు నేను చెప్పాలా? నీటి మీదకి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మిగతాది నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్, అదే చెయ్యాలి. చిల్లర్‌కి డబ్బు కూడకపోతే చేపలు ఆపండి. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు కాబట్టి, తగ్గినంత మేరా మంచి ఆర్‌వో నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోతే వాడుకోడానికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

ప్రశ్న: క్లౌన్‌ఫిష్‌లో ఆడ ఒకటి, మగ ఒకటి ఇమ్మంటే షాపతను నవ్వాడు. ఎందుకు?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేపపిల్లల్లో ఆడవి ఉండవు బాబూ, అందుకే నవ్వాడు. గుంపులో పెత్తనం చేసే పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతది మగదిగా ఉంటుంది. ఆడది చనిపోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. కాబట్టి ఒకే జాతి పిల్లలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చుకో. సమానంగా ఉంటే పెత్తనం తేలేదాకా కొట్టుకుంటాయి. చిన్నది పెద్దదాని ముందు పక్కకి ఒరిగి గజగజ వణుకుతుంటే జబ్బనుకుని మందు పొయ్యకు. "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం అది. ఆ వణుకు కనిపించిందంటే జత కుదిరినట్టే. మూడోది మాత్రం తేకు, ఆ రెండూ కలిసి దాన్ని చంపుతాయి. మన దేశంలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు క్లౌన్‌ఫిష్‌ని హేచరీలో పుట్టించే పద్ధతులు రూపొందించారు. హేచరీలో పుట్టినవి దొరికితే అవే తీసుకో. గుళికల మేతకి అలవాటు పడి ఉంటాయి.

ప్రశ్న: సూర్యలంక నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చా? లేదా ఆర్‌వో నీళ్లలో కల్లుప్పు కలిపితే?
– ఒక వ్యాపారి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రొయ్యల హేచరీలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం చేసినదాన్ని, ఒడ్డు నీళ్లని నేను నమ్మను. వానలు, వరదలు వచ్చాయంటే సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు శాతం, బాగా పడిపోతుంది, బురద, మురికి సరేసరి. హేచరీవాళ్లు కూడా వడగట్టి, క్లోరిన్ వేసి, అది పోయేదాకా ఆగి గానీ వాడరు. మీకు అంత తతంగం దేనికి?

కల్లుప్పు అసలే వద్దు. చినగంజాం కొఠార్లలో చూసే ఉంటారు, నీరు ఇగిరేకొద్దీ కాల్షియం లవణాలు ముందే అడుగుకి దిగిపోతాయి, ఆ తర్వాత ఉప్పు కడుతుంది, మెగ్నీషియం ఉన్న చేదునీళ్లని చివర్లో వదిలేస్తారు. మన చేతికొచ్చేది వంటకి పనికొచ్చే ఉప్పు, సముద్రం కాదు. అక్వేరియం కోసం తయారుచేసిన ఉప్పే కొని లీటరుకి సుమారు 35 గ్రాములు ఆర్‌వో నీళ్లలో కలపండి. 150 లీటర్లకి ఐదు కిలోల పైచిలుకు పడుతుంది. ఉప్పునీటి సాంద్రత చూపే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 దగ్గర ఉందో లేదో చూసుకోండి. రొయ్యల రైతులకి మందులమ్మే షాపుల్లో అడగండి, ఆ మీటర్ దొరుకుతుంది.

ప్రశ్న: సముద్రపు గుర్రాలు పెంచాలని ఉంది. ఎక్కడ దొరుకుతాయి?
– పేరు వద్దన్నారు, గుంటూరు

జవాబు: ఎక్కడా కొనకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి అవి రక్షిత జీవులు. పగడాలదీ అదే సంగతి. రహస్యంగా అమ్ముతామని ఎవరైనా అంటే అమ్మినవాడితో పాటు కేసు మీ మీదా పడుతుంది. అంత సరదాగా ఉంటే మొదటి జవాబులో చెప్పిన వాచ్‌మన్ గోబీని పిస్టల్ రొయ్యతో కలిపి పెంచండి. చూపు సరిగా ఆనని రొయ్య బొరియ తవ్వుతుంటే, గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య తన మీసం ఒకటి ఎప్పుడూ దాని ఒంటికి ఆనించే ఉంచుతుంది. గోబీ తోక అదిరిందా, రెండూ లోపలికే.