ప్రేమకథలో స్నేహితురాలిని వెతుక్కో

చిట్టీ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది మనసులో తిరుగుతూనే ఉంది. "ఆడవాళ్ళు రాసిన ప్రేమకథలు చదవాలనుంది పెద్దమ్మా, పాతవీ కొత్తవీ. ఎక్కడ మొదలుపెట్టమంటావ్?" అన్నావు. అప్పటికప్పుడు నాలుగు పేర్లు చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. పేర్లు ఎవరైనా చెబుతారు. ఎలా చదవాలో కూడా చెప్పాలి కదా అని కాగితం తీశాను.

యాభై ఏళ్ళుగా ఈ పుస్తకాలు చదువుతున్నాను. ప్రేమకథ అనగానే అందరి కళ్ళూ హీరో మీదే ఉంటాయి. అతనెప్పుడొస్తాడు, ఏమంటాడు అని. నువ్వు మాత్రం ఆ కథలో అమ్మాయికి స్నేహితురాలు ఎవరో చూడు. మనసులో మాట ఎవరి దగ్గర చెప్పుకుంటుందో అక్కడ కాస్త ఆగి చదువు. రచయిత్రి చెప్పదలుచుకున్నది చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మా తరంలో చాలామందికి ఇంగ్లీషు నవలలు పరిచయమైంది మాలతీ చందూర్ గారి 'పాత కెరటాలు' వల్ల. ఆ రుచి తగిలాకే నేను జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. 1813లో వచ్చిన నవల అది. ఎలిజబెత్, డార్సీల ప్రేమ గురించి అందరూ చెబుతారు. నాకు గుర్తుండిపోయింది షార్లెట్. ఎలిజబెత్‌కి ప్రాణస్నేహితురాలు. ఇరవై ఏడేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు, చేతిలో డబ్బు లేదు. ఎలిజబెత్ వద్దన్న మనిషినే తెలిసి తెలిసి చేసుకుంటుంది. ఎలిజబెత్‌కి అది మింగుడుపడదు. కొన్నాళ్ళకి చుట్టపుచూపుగా ఆ ఇంటికి వెళ్తే, షార్లెట్ ఎప్పుడూ కూర్చునే గది ఇంటి వెనకవైపు ఉంటుంది. ఇంతకన్నా పెద్ద గది, హాయిగా ఉండేది ఇంకోటి ఉండగా ఇక్కడెందుకు కూర్చుంటోంది అనుకుంటుంది. తర్వాత అర్థమవుతుంది. మొగుడుగారి గది రోడ్డు వైపు. ఆయనకి అక్కడ కాలక్షేపం బాగుంటుంది. ఆవిడ కూడా అంత సందడైన చోటే కూర్చుంటే ఆయన వచ్చి పక్కనే చేరతాడు!

రెండు మూడు వాక్యాలే. కాపురం ఎలా ఉందో మొత్తం అందులో ఉంది, అది కనిపెట్టింది స్నేహితురాలు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. మా అమ్మ మధ్యాహ్నం పూట చాటలో బియ్యం పోసుకుని ఎప్పుడూ పెరటి అరుగు మీదే ఎందుకు కూర్చునేదో నాకు ఆ రోజు తోచింది.

మన కథల్లో అయితే పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' ముందు చదువు. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ చిన్నప్పుడు నీకు చెప్పేదాన్ని, గుర్తుందా? ఇందులో ఇల్లాలే అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. పిల్లలకి అమ్మ, పనిమనిషికి అమ్మగారు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేరు. చివరికి పాత స్నేహితురాలు కనబడి "శారదా" అని పిలుస్తుంది. చిన్న కథే. చదివాక ఒక రోజు ఇంకేమీ చదవకు.

ఆ తర్వాత ఓల్గా గారి 'విముక్త'. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దానికి. అందులో ఒక కథలో సీత శూర్పణఖ దగ్గరికి వెళ్తుంది. ముక్కూ చెవులూ పోయిన మనిషి అందమైన తోట పెంచుకుని బతుకుతుంటుంది. రామాయణం నీకు ఎంత బాగా తెలిస్తే ఈ కథ అంత లోతుగా దిగుతుంది. కాబట్టి ముందు బామ్మ చేత శూర్పణఖ ఘట్టం ఒకసారి చెప్పించుకో.

పాత పుస్తకం పట్టుకున్నప్పుడు ముందు ఏ సంవత్సరంలో వచ్చిందో చూడు. భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' 1902 నాటిది. మొగుడు తప్పుదారి పట్టబోతుంటే భార్య ఆపుతుంది. ఇప్పుడు చదివితే నీతికథలా ఉందనిపించవచ్చు. కానీ అచ్చమాంబ గారు, తమ్ముడికి ఎవరో పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకున్న మనిషి. అది తెలిశాక ఆ భార్య నోట వచ్చే ప్రతి మాటకీ బరువు పెరుగుతుంది. భాష కొంచెం పాతది, భయపడకు. పైకి చదువు, రెండో పేజీకి అలవాటైపోతుంది.

పైకి చదవమన్నది ఇంకో పుస్తకానికి కూడా. గోగు శ్యామల గారి 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం'. తెలంగాణ మాట, దళితవాడల బతుకు. మేం పెరిగిన నవలల్లో ఎక్కువగా ఉద్యోగస్తుల ఇళ్ళు, డ్రాయింగ్ రూములే ఉండేవి. అదే మొత్తం ఆడవాళ్ళ ప్రపంచం అనుకున్నాం చాలాకాలం. అది మా లోటు, నీకు ఆ లోటు ఉండకూడదు.

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' గురించి అడిగావు. తప్పకుండా చదువు. "అవన్నీ కలల నవలలు" అని ఎవరన్నా తీసిపారేస్తే వినకు. ఉద్యోగం చేసుకునే అమ్మాయి, ఆత్మాభిమానం ఉన్న అమ్మాయి హీరోయిన్ అవడం ఆ రోజుల్లో మాకెంత ధైర్యం ఇచ్చిందో నాకు తెలుసు. అయితే హీరోగారి కారు చూసి మురిసిపోయి వదిలెయ్యకు. నేను అలా చాలా ఏళ్ళు మురిశాను.

సీరియల్‌గా వచ్చిన నవలలు ఒక్క రాత్రిలో పూర్తి చెయ్యొద్దు. అవి వారం వారం ఎదురుచూసేవాళ్ళ కోసం రాసినవి. రోజుకి కొంచెం చదివి ఆపు. తర్వాత ఏమవుతుందో నువ్వే ఊహించు.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కదానివే చదవకు. మీ ఆఫీసులో ఆ అమ్మాయి ఉందిగా, లంచ్ బాక్స్ పంచుకునే పిల్ల, తనకీ ఇవ్వు. పెళ్ళికి ముందు నేనూ, మా పక్కింటి స్నేహితురాలూ ఒక వారపత్రిక కలిసి కొనేవాళ్ళం. సీరియల్ పేజీలు చింపి దాచుకుని, అయిపోయాక సూదీ దారంతో కుట్టుకునేవాళ్ళం. హీరోయిన్ అతన్ని క్షమించాలా వద్దా అని పోట్లాడుకుని వారం రోజులు మాటలు మానేశాం ఒకసారి. తనకి పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు "నవలలు చదివే పిల్లట" అని వెనక్కి వెళ్ళిపోయారు వాళ్ళు. ఆ రాత్రి తను ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆ కుట్టిన సీరియల్ ఒకటి పార్సిల్‌లో పంపుతున్నాను. కాగితం పచ్చబడిపోయింది, అంచులు పట్టుకుంటే రాలుతున్నాయి, నెమ్మదిగా తిప్పు. మధ్యలో ఒక వారం భాగం లేదు. ఆ వారం నాకు జ్వరమొచ్చి, పత్రిక ఎవరో పట్టుకుపోయారు. అప్పటికే చదివేసిన తను నాకోసం నోట్‌బుక్ కాగితాల మీద ఆ భాగమంతా గుర్తున్నంతవరకు రాసిచ్చింది, నీలం సిరాతో, ఏడు పేజీలు. చివర్లో హీరోయిన్ తన స్నేహితురాలికి రాసిన ఉత్తరం ఒకటుంది. అసలు సీరియల్‌లో ఆ ఉత్తరం లేదని చాలా ఏళ్ళ తర్వాత నవల పుస్తకంగా దొరికినప్పుడు తెలిసింది.

ముందు ఆ ఏడు పేజీలు చదివి నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ