అబద్ధం ఒక్కటీ లేని ప్రకటన ఎలా మోసం చేస్తుంది?

ప్రకటనలోని ప్రతి మాటా నిజమే అయినప్పుడు దాన్ని మోసమని ఎలా అంటామని మీరు అడిగారు. ఇంటిని శుభ్రపరిచే ద్రావణాలు తయారుచేసే ఒక సంస్థలో కొన్నేళ్ల పాటు సీసాల మీది రాతలు రాసినవాడిని కాబట్టి దీనికి లోపలి మనిషిగా జవాబు చెప్పగలను. మా రాతల్లో అబద్ధం ఉండేది కాదు. న్యాయ విభాగం వారు ఒక్కొక్క పదాన్నీ జల్లెడ పట్టాకే అవి అచ్చుకు వెళ్లేవి. కొనేవారి మనసులో ఉన్న ప్రశ్న ఒకటైతే, ఇంకో ప్రశ్నకు నిజమైన జవాబును తెచ్చి వారి ముందు పెట్టడమే మేము చేసిన పని.

మా సీసా ముందు వైపు ‘99.9 శాతం క్రిములను చంపుతుంది’ అని పెద్ద అక్షరాల్లో ఉండేది. అది ప్రయోగశాలలో తేలిన విషయమే. కాకపోతే ఆ పరీక్షలో ముందే శుభ్రం చేసిన గట్టి పలక మీద, ఎంచుకున్న కొన్ని రకాల బ్యాక్టీరియాను ఉంచి, ద్రావణం ఆరిపోకుండా 10 నిమిషాల పాటు తడిగా నిలిపారు. ఇంట్లో ఎవరైనా చల్లిన మరుక్షణమే గుడ్డతో తుడిచేస్తారు. ‘10 నిమిషాలు ఉంచి తుడవాలి’ అన్న సూచన సీసా వెనుక, బార్‌కోడ్ పక్కన, లేత బూడిద రంగు అక్షరాల్లో ఉండేది. దాన్ని ముందు వైపుకు తెద్దామని నేను ఒకసారి అడిగితే మా పై అధికారి నింపాదిగా, ‘వెనుక రాశాం కదయ్యా, దాచలేదుగా!’ అన్నారు. ఆ మాటా నిజమే. ఇక ఆ అంకె సంగతి చూస్తే, 10 లక్షల బ్యాక్టీరియాలో 99.9 శాతం చచ్చినా ఇంకా 1000 మిగులుతాయి. అనువైన చోట దొరికితే ఇ.కోలై వంటివి దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి.

సర్వేల మాటకు వస్తే, 80 శాతానికి పైగా దంతవైద్యులు తమ పేస్టును సిఫారసు చేస్తారన్న కోల్గేట్ ప్రకటనను 2007లో బ్రిటన్‌లో ప్రకటనల తీరును పర్యవేక్షించే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ తప్పుపట్టింది. సర్వేలో ఆ అంకె వచ్చిన మాట వాస్తవమే. అయితే వైద్యులు ఒకటి కంటే ఎక్కువ పేర్లు చెప్పే వీలుండడంతో, పోటీ సంస్థ పేస్టునూ ఇంచుమించు అంతమందే సిఫారసు చేశారు. చదివినవారు మాత్రం మిగిలిన పేస్టులన్నీ కలిసి 20 శాతమేనని అనుకుంటారు. తీసివేత లెక్క మనమే వేసుకుంటాం, తప్పూ మన ఖాతాలోనే పడుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేవి మందుల ప్రకటనలు. కొలెస్ట్రాల్ తగ్గించే లిపిటార్ మాత్ర గుండెపోటు ముప్పును 36 శాతం తగ్గిస్తుందని అమెరికాలో ప్రచారం చేశారు. దాని వెనుకనున్న పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి సుమారు ముగ్గురికి గుండెపోటు వస్తే, అసలు మాత్ర వేసుకున్నవారిలో నూటికి సుమారు ఇద్దరికి వచ్చింది. ఈ వివరం కూడా అదే ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంది. మందు పనిచేయదని నేను అనడం లేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఆ తేడా ఎంతో విలువైనది. కానీ 36 అన్న అంకెను చూసినవారు నూరు మందిలో 36 మంది బయటపడతారని అనుకోవడం సహజం, అలా అనుకోవద్దని ఆ పెద్ద అక్షరాలు ఎక్కడా చెప్పవు.

ప్రతి కొలతలోనూ దురుద్దేశం ఉంటుందని కూడా చెప్పలేను. నేను కొన్న 1 టెరాబైట్ డిస్కు కంప్యూటర్‌కు తగిలిస్తే 931 గిగాబైట్లే చూపించింది. బైట్ నుంచి కిలోబైట్, మెగాబైట్, గిగాబైట్ అంటూ పైకి వెళ్లే ప్రతి మెట్టుకూ తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కిస్తే, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కించింది. రెండూ సరైన లెక్కలే. ‘వరకు’ అన్న పదాన్ని మాత్రం నేను అంత తేలిగ్గా వదలను. ‘70 శాతం వరకు తగ్గింపు’ అన్నచోట ఒక్క వస్తువు మీద 70 శాతం ఇచ్చి, మిగతా వాటి మీద 5 శాతమే ఇచ్చినా ఆ వాక్యం చెల్లుతుంది.

ఉద్యోగం మానేశాక కూడా ఏ సీసా చేతికొచ్చినా ముందుగా వెనక్కి తిప్పి చూడడం నాకు అలవాటుగా మిగిలింది. మా పాత సంస్థ ద్రావణాన్ని ఇప్పటికీ వాడుతున్నాను. చల్లాక గడియారం చూసుకుని, 10 నిమిషాలు ఆగి తుడుస్తాను.