మ్యూజియం లేబుల్ మీద తెలుగు

ప్రశ్న: బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదువుతున్నాను. మ్యూజియంలో గ్రాఫిక్ డిజైనర్‌కు ఏం పని ఉంటుంది మేడమ్?
– ఓ విద్యార్థిని, గుంటూరు

జవాబు: చాలా ఉంటుందమ్మా. నేను ఎక్కువగా చేసేది లేబుళ్లే. ఇంగ్లిష్ అక్షరాలకు వాడే కొలతలు తెలుగుకు సరిపోవు. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తులు దిగువ లైనులోని గుడులను తాకేస్తాయి. అందుకే లైన్ల మధ్య ఎడం పెంచుతాను. పాత కాగితాలు, బట్టల దగ్గర వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. ఆ మసకలో సన్నని అక్షరం ఆనదు. ప్రింట్ తీసి, గోడకు అంటించి, లైట్లు తగ్గించి మా అటెండర్ గారి చేత చదివిస్తాను. ఆయన తడబడితే పని మళ్లీ మొదటికే.

మాటా చూసుకోవాలి. అమరావతి శిల్పాలను చాలామంది పాలరాయి అంటారు. అది పల్నాటి సున్నపురాయి. ఆ ఒక్క మాట కోసం అచ్చయిన బోర్డు తీయించాను.

తెలుగు అక్షరాలతో చేసిన పనులు రెండు మూడైనా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకో తల్లీ.