వెర్సాయ్‌లోని పద్నాలుగో లూయీ ప్రతిమలో రోమన్ చక్రవర్తి ఎక్కడున్నాడు?

మెడకు లేసు, భుజాల మీద ఉంగరాల జుట్టు ఉన్న ఫ్రెంచి రాజు ప్రతిమకూ రోమన్ చక్రవర్తుల ప్రతిమలకూ సంబంధం ఏమిటని మీరు అడిగారు. నేను రాతి శిల్పం పని నేర్చుకున్నవాణ్ణి. వెర్సాయ్ ప్రాసాదంలోని డయానా గదిలో ఆ పాలరాతి ప్రతిమకు ఎదురుగా నిలబడినప్పుడు నాకూ ఇదే సందేహం కలిగింది. పక్కకు జరిగి మెడను చూశాకే అది తీరింది.

అంతకుముందే నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో కారకల్లా చక్రవర్తి ప్రతిమను చూసి ఉండడం నాకు మేలు చేసింది. అందులో ఛాతీ ఒక దిక్కున ఉండగా తల చటుక్కున మరో దిక్కుకు తిరుగుతుంది, కనుబొమలు ముడిపడి ఉంటాయి. లూయీ మెడలోనూ ఆ తిప్పే ఉంది. అయితే కారకల్లా ముఖంలో కోపం ఉన్నచోట లూయీ ప్రతిమను చెక్కిన ఇటలీ శిల్పి బెర్నీని దూరాన్ని పరికించే ధీమాను ఉంచాడు. హెర్క్యులస్ వేషంలోని రోమన్ చక్రవర్తి కొమ్మోడస్ ప్రతిమను కూడా దీనికి మూలంగా చూపాలనిపించవచ్చు కానీ, అది 1874లో గానీ తవ్వకాల్లో బయటపడలేదు కనుక బెర్నీని దాన్ని చూసే అవకాశమే లేదు.

ఇక కళ్లు. రెండో శతాబ్దపు చక్రవర్తి హేడ్రియన్ కాలం దాకా రోమన్ శిల్పులు పాలరాతి కనుగుడ్డును నున్నగా వదిలి, కనుపాపను రంగుతో దిద్దేవారు. ఆ తరువాతనే దాన్ని రాతిలో తొలచడం వాడుకలోకి వచ్చింది. 1665లో పారిస్ వచ్చిన బెర్నీని, రాజు చివరిసారి ఎదుట కూర్చున్నప్పుడు కనుపాపల చోటును బొగ్గుతో గుర్తుపెట్టుకొని చెక్కాడని అతని వెంట ఉన్న షాంతలూ తన దినచర్యలో రాసుకున్నాడు. మన స్థపతులు కూడా విగ్రహానికి కళ్లు చివరనే తెరుస్తారు కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. దగ్గరగా చూస్తే అక్కడున్నది చిన్న గుంట మాత్రమే. అందులో పడిన నీడే మనకు చూపుగా కనిపిస్తుంది.

కవచం మీది వస్త్రం కూడా రోమన్ సేనాని భుజాన వేసుకునే అంగీ నుంచి వచ్చినదే. రోమన్ ప్రతిమల్లో అది సాధారణంగా భుజం మీద నిశ్చలంగా ఉంటుంది. బెర్నీని దానికి గాలి పట్టించాడు. ఎగిరిన ఆ మడతల వెనుక చేతులు తెగిన చోటు మరుగునపడి, ఇది సగం శరీరమేనన్న ధ్యాస చూసేవారికి రాదు.

ఆ గదిలో పురాతన రోమన్ ప్రతిమలు కూడా ఉన్నాయి. వాటి జుట్టులో రాతికి రంధ్రాలు వేసే బరమాతో తొలిచిన లోతైన గాడులను ముందు చూసి, ఆ వెంటనే లూయీ ఉంగరాల జుట్టు వైపు తిరగండి.