తోట అమ్మకండి, అమ్మాయిని ఈఈఈలో చేర్చండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఎకరంన్నర కొబ్బరి తోట, రెండెకరాల వరి, రెండు గేదెలు. అన్నీ కలిపి ఏడాదికి 3 లక్షల 20 వేల ఆదాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని సచివాలయంలో చెప్పారు. మా అమ్మాయికి కాకినాడ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 80 వేలు, హాస్టల్ 85 వేలు. ఈఈఈ ఎందుకు, యాజమాన్య కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కొనెయ్యమని బంధువులు అంటున్నారు. దానికి ఫీజే ఏడాదికి 2 లక్షలు. 20 సెంట్ల తోటకు 9 లక్షలు ఇస్తామని ఒకరు వచ్చారు. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాళ్లూ ఉన్నారు. సుకన్య ఖాతాలో 3 లక్షల 10 వేలు, బ్యాంకులో ఎఫ్‌డీ 1 లక్షా 20 వేలు ఉన్నాయి. అబ్బాయి పదో తరగతి. ఏం చెయ్యమంటారు? మోటారు కాలిపోయినప్పుడల్లా మెకానిక్ పక్కన కూర్చుని చూసే పిల్ల మాది. ఈఈఈ తనకు ఇష్టమే.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ మోటారు మాట. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండు తీగలూ భారమంతా మోస్తాయి. కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. మన వైపు చేలల్లో, చేపల చెరువుల గట్ల మీద ఆ మాడు వాసన తెలియనివాళ్లు లేరు. అది ఎందుకు మాడిందని అడిగే పిల్లకు ఎలక్ట్రికల్ మెషీన్స్ అనే సబ్జెక్టు కొత్త చుట్టం కాదు. రెండో ఏడాది ల్యాబులో ముందు పెట్టేది దాదాపు మీ బోరు మోటారునే. ఇష్టమైన బ్రాంచి, అందులోనూ మెరిట్‌తో వచ్చిన సీటు. దాన్ని వదిలేసి, ఇష్టమో కాదో తెలియని సీటుకు నాలుగేళ్లలో ఫీజు రూపంలోనే 4 లక్షల 80 వేలు అదనంగా పోయడం నాకు సమ్మతం కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు చాలావరకు ఈఈఈ పిల్లలనూ పరీక్షకు కూర్చోనిస్తాయి. కానీ సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌కో, ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్‌లలో ఎలక్ట్రికల్ ఇంజినీరు ఉద్యోగం సీఎస్‌ఈ చదివినవాళ్లకు రాదు.

ఇక డబ్బు. ఫీజు, హాస్టల్, ఏడాదికి మరో 20 వేల పైఖర్చులు, 45 వేల ల్యాప్‌టాప్ అన్నీ వేస్తే నాలుగేళ్లకు 7 లక్షల 85 వేలు. అంకె చూసి గుండె జారుతుంది, నిజమే. కానీ మీ అసలు ఇబ్బంది ఆ అంకె కాదు, నెల. కాలేజీ ఫీజు అడిగేది జులై, ఆగస్టుల్లో. అప్పటికి ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లొచ్చి మీరు సార్వా నాట్లలో ఉంటారు. దమ్ము, కూలి, ఎరువు అన్నీ అప్పుడే. ధాన్యం డబ్బు కళ్లపడేది డిసెంబరులో. సరిగ్గా ఆ ఆగస్టులోనే మన రైతులు రెండు రూపాయల వడ్డీ ఇంటి గుమ్మం ఎక్కుతారు.

ఆ గుమ్మం మా నాన్నగారు ఎక్కారు కాబట్టి దాని సంగతి నాకు తెలుసు. ప్రోనోటు మూడేళ్లకోసారి తిరగరాస్తారు. తిరగరాసినప్పుడల్లా వడ్డీ అసలులో కలిసిపోతుంది. 4 లక్షలు తెచ్చారనుకోండి. నెలకు వడ్డీయే 8 వేలు. కట్టలేకపోతే మూడేళ్లకు నోటు మీద 6 లక్షల 88 వేలు పడుతుంది. ఆరేళ్లకు 11 లక్షల 83 వేలు. మీ పాప చదువు ముగిసి రెండేళ్లయ్యేసరికి ఆ 20 సెంట్లకు తోడు ఇంకొంచెం తోట కూడా పోతుంది.

బ్యాంకు విద్యారుణం 10 శాతం వడ్డీకి దొరికిందనుకుందాం. మన ఊరి లెక్కలో అది నూటికి నెలకు 83 పైసలు. 4 లక్షల దాకా తనఖా అక్కర్లేదు, మన వాటాగా పెట్టాల్సింది కూడా ఏమీ లేదు. రుణం అమ్మాయి పేరు మీద, మీరు సహ రుణగ్రహీత. నాలుగేళ్ల ఫీజు 3 లక్షల 20 వేలు, ల్యాప్‌టాప్ 45 వేలు, పుస్తకాలకూ పరీక్ష ఫీజులకూ 35 వేలు. సరిగ్గా 4 లక్షలు. ఫీజును బ్యాంకు ఏటా నేరుగా కాలేజీకే పంపుతుంది. అంటే ఆగస్టు బరువు మీ నెత్తి మీంచి దిగిపోతుంది. నేను రుణం తీసుకోమనడానికి మొదటి కారణం ఇదే, వడ్డీ రేటు ఆ తర్వాతే.

ఇంకో మంచి మాట. కుటుంబ ఆదాయం ఏడాదికి 4 లక్షల 50 వేలలోపు ఉండి, కాలేజీకి న్యాక్ గానీ ఆ కోర్సుకు ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉంటే, చదివే కాలానికీ ఆపై ఏడాదికీ వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఉంది. మీరు ఆ హద్దులోనే ఉన్నారు. కాబట్టి కాలేజీలో చేరే రోజే అడగాల్సింది బస్సు రూటు గురించి కాదు, ఈఈఈ కోర్సుకు ఎన్‌బీఏ ఉందా అని. ఆ కాగితం జిరాక్సు తెచ్చుకోండి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం మొదటి ఏడాదే బ్యాంకులో ఇచ్చి రాయితీకి దరఖాస్తు పెట్టించండి. తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లు చాలామంది పోగొట్టుకున్నారు.

రాయితీ వస్తే, చదువు అయిన ఏడాది తర్వాత 4 లక్షలకే కిస్తీలు మొదలవుతాయి. ఏడేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే నెలకు సుమారు 6,640. రాకపోతే ఆ ఐదేళ్ల వడ్డీ దాదాపు 1 లక్షా 47 వేలు కలిసి నెలకు 9,100 అవుతుంది. రెండోదైనా తట్టుకోగలిగినదే. పాప ఎంటెక్‌కు వెళ్తానంటే దాని ప్రవేశ పరీక్ష అయిన గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండు వస్తుంది. గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే ఉన్నాయి కాబట్టి వాటితో మొదలుపెట్టమనండి. కోచింగ్‌కు వేలు పోయడానికి తొందర లేదు.

హాస్టలూ మిగతా పైఖర్చులూ మాత్రం మీ చేతి మీదుగా జరగాలి. అవి నాలుగేళ్లకు 3 లక్షల 85 వేలు, అంటే రెండు నెలలకు 16 వేలు. మీ తోటలో కాయ దింపు కూడా ఇంచుమించు రెండు నెలలకోసారే కదా. ఎకరంన్నరలో ఖర్చులు పోను దింపుకు 18 వేలు మిగిలితే హాస్టలు వెళ్లిపోతుంది. మిగలకపోవచ్చు కూడా. అంబాజీపేటలో ధర పడితే మన వాళ్లు కాయను అటకెక్కించి కురిడీకి, అంటే ఎండు కొబ్బరికి, ఉంచేస్తారు. కొబ్బరికి అది తెలివైన పనే. కానీ డబ్బు నెలల తరబడి అటక మీదే ఉండిపోతుంది, మెస్ బిల్లు ఆగదు. ఈ నాలుగేళ్లూ హాస్టలుకు సరిపడా కాయ దింపగానే అమ్మెయ్యండి, మిగిలింది అటకెక్కించండి. ధర మరీ పడిన దింపుకు ఎఫ్‌డీలోంచి తీసి కట్టి, డిసెంబరు ధాన్యం డబ్బుతో తిరిగి పూడ్చండి. ఆ 1 లక్షా 20 వేలు ఉన్నది అందుకే, ఇంకెందుకూ కాదు.

సుకన్యను ఇప్పుడే కదిలించొద్దు. పాపకు 18 నిండినా, పది పాసైనా, చదువు కోసం అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. మీ లెక్కలో అది లక్షన్నర పైమాటే. కానీ దాని మీద వచ్చే వడ్డీకి పన్ను లేదు. బ్యాంకు మొండికేస్తేనో, ఏదైనా ఏడాది వరద వచ్చి చేను మునిగితేనో అప్పుడు దాని జోలికి వెళ్దాం.

తోట అమ్మకపోవడానికి ఇంకో కారణం మీ అబ్బాయి. పదో తరగతి అంటే రెండేళ్లలో వాడి ఖర్చూ నెత్తిన పడుతుంది. వాడికీ మోటార్లు, వైర్లంటే ఇష్టమైతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. మూడేళ్ల డిప్లొమా చదివి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకే చేరతాడు. ఖర్చు బాగా తగ్గుతుంది. దీన్ని తక్కువ దారిగా చూసే అలవాటు మన ఇళ్లలో ఉంది, నాకు అది నచ్చదు.

మీ వయసు రాయలేదు. 50 లోపు అయితే బ్యాంకులోనే జీవనజ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. ఒక్కొక్కటీ 2 లక్షలకు. రుణం సంతకం పెట్టే రోజే రెండూ కట్టేయండి. వీలైతే పెద్ద మొత్తానికి టర్మ్ పాలసీ కూడా తీసుకోండి. ఇంటి సంపాదన మీ ఒక్కరి మీదే నడుస్తోంది.

పాపకు ఒక్క మాట చెప్పండి. తర్వాతి వాయిదా విడుదల చేసే ముందు బ్యాంకు మార్కుల మెమో అడుగుతుంది. సర్క్యూట్స్, ఫీల్డ్స్ సబ్జెక్టుల్లో మొదట్లో చాలామంది తడబడతారు. బ్యాక్‌లాగ్ పడితే సిగ్గుపడి దాచొద్దు, మీకు చెప్పమనండి. అప్పుడు టెన్షన్ పడకుండా మేనేజరుతో ముందే మాట్లాడుకోవచ్చు.

సీటు అలాట్‌మెంటు కాగితం, కాలేజీ ఇచ్చే నాలుగేళ్ల ఫీజుల పట్టిక, ఇంటర్ మార్కుల మెమో, ఆధార్, పాన్, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, మీ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లండి. పాపను వెంట తీసుకెళ్లండి, లెక్కంతా తననే చెప్పనివ్వండి. తోటకు వచ్చిన ఆయనతో మాత్రం ఈలోగా బయానా తీసుకోకండి.